నట్టు మీద పసుపు గీత

బావ కారు దిగకుండానే హారన్ కొట్టాడు. ఏడాది తర్వాత నా షెడ్డు గుమ్మంలోకి వస్తూ కూడా మనిషికి అదే పొగరు.

పక్క సీట్లో అక్క. నావంక చూడలేదు. ఒళ్లో హెల్మెట్. కుడి మణికట్టు అతికింది గానీ కాస్త వంకరగా అతికింది.

"సంతకం కావాలి," అంటూ బావ కొండ రేసువాళ్ల ఫారం బానెట్ మీద పడేశాడు. "స్టీరింగ్ వదులుగా ఉందట. మెకానిక్ సరిచేసి సంతకం పెడితేగాని కొండ ఎక్కనివ్వరట. రెండింటికి స్టార్టు."

"ఊళ్లో ఇంకెవరూ దొరకలేదా?"

"ఈ పాత స్పోర్ట్స్ కారు మీద చెయ్యి వేసే మొనగాడివి నువ్వొక్కడివేనట. నా ఖర్మ."

నిరుడు ఇదే రేసు, ఇదే కారు. బావ నడుపుతుంటే పక్కన అక్క. మూడో మలుపులో తిప్పిన స్టీరింగ్ మళ్లీ వెనక్కి రాలేదు. నేరుగా వెళ్లి రాతిగోడను గుద్దారు. బావకు గీత కూడా పడలేదు, అక్క చెయ్యి విరిగింది. ఆసుపత్రి మంచం దగ్గరే బావ ఆమెకు ఒక ఫోటో చూపించాడు. స్టీరింగ్ బాక్స్ నట్టు, దాని మీద చెక్కుచెదరని నా పసుపు గీత. నేను ఏ నట్టు బిగించినా, నట్టుకీ పక్కనున్న ఇనుముకీ కలిపి రంగుతో ఒక గీత గీస్తాను. తర్వాత ఎవరు తిప్పినా ఆ గీత రెండు ముక్కలవుతుంది. "చూశావా, ఎవరూ ముట్టుకోలేదు. అంతా నీ తమ్ముడి నిర్వాకమే," అన్నాడట. ఆ కారును నా దగ్గరికి రానివ్వలేదు, గోడకు పడ్డ సొట్టలు కూడా వేరేచోట తీయించాడు. అక్క నాతో మాట మానేసింది.

ఇవాళ మళ్లీ ఆ సీట్లోనే కూర్చుని ఆ కొండే ఎక్కబోతోంది, నా సంతకం పడితే.

"చూడకుండా పెట్టను. అక్కను దిగమను."

"దానికేం పని ఇక్కడ?"

"గోడ వైపు కూర్చునేది తనేగా."

అక్క దిగింది.

కారును గోతి మీదికి తెప్పించి నేను కిందికి దిగాను. పైన ఒకరు స్టీరింగ్ కొద్దికొద్దిగా ఆడిస్తుంటే, కింద ఒక్కో జాయింటూ పట్టుకుని చూడాలి. వదులు ఎక్కడుందో వేళ్లకే తెలుస్తుంది.

"మెల్లగా బావా. రెండు వేళ్ల మేర, అంతే."

బావ ఒక్కసారిగా గుంజి తిప్పాడు. రాడ్డుకీ ఫ్రేముకీ మధ్య నా చూపుడువేలు నలిగింది.

"అయ్యో, తగిలిందా?" పైనుంచి నవ్వు. "మరీ సుకుమారం అయిపోయావురా."

"ఆడించు. ఇంకోసారి."

రక్తం మోచేతి దాకా కారుతున్నా పట్టు వదల్లేదు. వదులంతా రాడ్డును చక్రానికి కలిపే బాల్ జాయింట్‌లోనే ఉంది. అరిగిపోయి టకటకలాడుతోంది. నిరుడు రేసుకు ముందే చెప్పాను, కొత్తది రావడానికి పది రోజులు పడుతుంది, ఆగమని. నేను లేనప్పుడు వచ్చి కారు తీసుకుపోయాడు.

కానీ జాయింట్ ఇంతగా ఆడుతుంటే, స్టీరింగ్ బాక్స్ మాత్రం పట్టేసినట్టు ఇంత బిగుతుగా ఎందుకుంది?

లైటు స్టీరింగ్ బాక్స్ మీదికి తిప్పాను. ఫోటోలో ఉన్న పసుపు గీతే, నిండుగా, తిన్నగా. దాని అంచున నల్లటి జిడ్డు. జిడ్డు రంగు మీద లేదు. రంగు కింద ఉంది.

"అక్కా, కిందికి రా."

"ఎందుకు?" ఏడాది తర్వాత నాతో అన్న మొదటి మాట.

"టైమవుతోంది! ముందు సంతకం పెట్టమను వాణ్ని!" బావ అరిచాడు.

"ఉండండి," అని అక్క మెట్లు దిగింది.

"ఆ గీత మీద బొటనవేలితో రుద్దు."

రుద్దింది. రంగు పొరలా లేచి ఆమె వేలికి అంటుకుంది. దాని కింద నా పాత గీత. ఇనుము మీద ఒక ముక్క, నట్టు మీద ఇంకో ముక్క. రెంటి మధ్యా పావు చుట్టు ఎడం.

"నేను పెట్రోలుతో తుడవకుండా రంగు వెయ్యను," అన్నాను. "నా గీత ఊడదు."

అక్క తన వేలినే చూస్తూ అడిగింది. "ఇది తిప్పితే ఏమవుతుంది?"

"లోపలి స్క్రూ బిగుస్తుంది. చేతికి వదులు తగ్గినట్టుంటుంది. మలుపులో పట్టేస్తుంది."

"పావు చుట్టు తిప్పితే ఏ బండీ పట్టెయ్యదు!" పైనుంచి బావ.

అక్క తలెత్తింది. పావు చుట్టని మేమిద్దరం పైకి అనలేదు.

గోతిలోంచి ఎక్కి నేరుగా వెళ్లి తాళం లాక్కుంది. "ఎంతసేపు పడుతుంది?" అంది నాతో.

"గంటన్నర."

నిరుడు తెప్పించిన జాయింట్ అట్టపెట్టెలోనే ఉంది. అది బిగించి, స్క్రూ పావు చుట్టు వెనక్కి తిప్పాను. ముందు చక్రాలు రెండూ తిన్నగా చూస్తున్నాయో లేదో దారం కట్టి కొలిచాను. పెట్రోలుతో తుడిచి గీత గీశాను. బావ గుమ్మం దగ్గరే నిలబడి ఎవరికో ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. ఎవరూ ఎత్తినట్టు లేదు.

అక్క ఫారం మీద డ్రైవర్ అన్నచోట బావ పేరు కొట్టేసి తన పేరు రాసింది. నేను సంతకం పెట్టాను. షెడ్డు ముందు ఒక చుట్టు తిప్పి, మలుపులో స్టీరింగ్ వదిలింది. చక్రం దానంతటదే వెనక్కి వచ్చింది.

బావ ముందు ఆపి పక్క తలుపు తెరిచింది.

"ఎక్కు."

"వాడు బిగించిన బండిలోనా?"

"నువ్వు బిగించిన దాంట్లో నేను ఎక్కలేదూ?"

బావ కదల్లేదు. అక్క పది లెక్కపెట్టేంతసేపు ఆగింది. తర్వాత ఒంగి, ఆ వంకర చేత్తోనే తలుపు లాగేసుకుంది.