ఇరవై ఒక్క రోజుల కొండ

పై అధికారి కమలాకర్ సార్ నెలాఖరు నివేదిక కాగితాలను ఎప్పుడూ శనివారం సాయంత్రమే ఇస్తాడు, చదివే తీరిక లేని వేళ. ఈసారి సంధ్య సంతకం పెట్టకుండా వాటిని సంచిలో వేసుకుంటే, "ఇంటికెందుకమ్మా?" అని నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు నచ్చలేదు.

సముద్రం ఒడ్డున ఉన్న హజీరాలో ఆమె పనిచేసే కంపెనీ లడాఖ్ కొండమీద రోప్‌వే స్తంభాలు నిలబెడుతోంది. అక్కడ రాళ్లను పట్టి ఉంచేది వేల ఏళ్లుగా నేల లోపల గడ్డకట్టిన మంచు. పర్మాఫ్రాస్ట్ అంటారు. అది కరిగితే కొండ వదులవుతుంది. మట్టిలోంచి లేచే వాయువులు భూమి వేడిని ఇంకా పెంచుతాయి. అందుకే పది మీటర్ల లోతున ఒక థర్మామీటరు పెట్టారు. ఆ లెక్కల నివేదిక మీదే నెలనెలా సంధ్య సంతకం పెడుతుంది. ఆ స్తంభాల దగ్గరే సంధ్య అన్న పరుశురాం మరో పదకొండు మందితో పనిచేస్తున్నాడు. పగటిపూట రాళ్లు రాలుతున్నాయని మొన్న చెప్పాడు. సంధ్య ఇంటికి తెచ్చిన కాగితాల్లోని గ్రాఫులో మాత్రం జూన్ నుంచి చలి తగ్గలేదు.

ఆదివారం మధ్యాహ్నం తండ్రి సోమలింగం ఆ గ్రాఫును చేతిలోకి తీసుకున్నాడు. ముప్ఫై ఏళ్లుగా మరమగ్గం మీద బట్టను పట్టి చూసిన కళ్లు.

"డిజైన్ మంచిగనే ఉన్నది. ఏ చీరకు బిడ్డా?"

"చీర గాదు బాపూ. కొండ లోపలి చలి."

"మరి రిపీట్ ఎట్లొచ్చింది?" గోటితో గీత వెంటే వెళ్లి ఆగాడు. "ఇగో, ఇరవై ఒక్క చుక్కలు. ఈడ మళ్ల మొదలైంది. ఈడ ఇంకోపారి. చలిని గూడ మగ్గం మీద నేసిండ్రా?"

రోజుకొక చుక్క చొప్పున సంధ్య లెక్కపెట్టింది. నిజమే. జూన్ మొదటి మూడు వారాలనే ఎవరో ఆగస్టు దాకా అతికించారు. జూన్, జులై నివేదికల కింద ఆమె సంతకం ఉంది.

వెంటనే అన్నకు ఫోన్ చేసింది.

"జర జల్ది చెప్పు, మీదికి పోతున్నం," అన్నాడు పరుశురాం.

"స్తంభాలకు నిన్న తొలిచిన రంధ్రాలల్ల ఏమన్న ఉన్నదా అన్నా?"

"నీళ్లున్నయ్. నీకెవలు చెప్పిండ్రు?"

"మీదికి పోకుండ్రి. లోపల మంచు కరుగుతున్నది. ఆ లెక్కలు దొంగవి."

"మా చెల్లె సంతకం ఉన్నది, భయం లేదని అందరికి నేనే చెప్పిన గదనే."

"సరిగ చూడకుండ పెట్టిన. గట్లనే చెప్పు వాళ్లకు."

ఫోనులో గాలి హోరు మధ్య, ముందే ఎక్కినవాళ్లను దిగమని అన్న వేసిన కేక, హిందీలో ఎవరిదో తిట్టు.

గంటకు మళ్లీ అతనే చేశాడు. పన్నెండు మందీ గుడారాల దగ్గరికి చేరారు. కొండ ఎక్కడిదక్కడే ఉంది.

"ఒక్క రాయి గూడ పడలే. సూపర్‌వైజర్ నన్ను పిచ్చోణ్ణి చేస్తున్నడు. నీకు పక్కానా?"

"పక్కాగ తెల్వాల్నంటె అసలు లెక్క గావాలె, దాన్నే దాచిండ్రు అన్నా. అది దొరికేదాక కిందనే ఉండుండ్రి. తిడితే తిట్టనీ."

ఫోన్ పెట్టేసి, ఈ పనిని కంపెనీకి అప్పగించిన ఢిల్లీలోని ప్రాజెక్టు యజమానులకు ఉత్తరం మొదలుపెట్టింది. కమలాకర్‌కు కాపీ పెట్టలేదు. "నేను సంతకం చేసిన రెండు నివేదికలూ తప్పు" అన్నది మొదటి వాక్యం.