చిరివేరు ఎరుపు

పాతికేళ్ళుగా నూలుకు రంగులు వేస్తున్న నస్రత్ చేతులు ఆ ఎండాకాలం పుళ్ళు పడ్డాయి. ప్యాకెట్ రంగులు పడడం లేదు, పని మానెయ్యమన్నాడు చీరాల డాక్టరు. ఆమెకు చేతనైన పని అదొక్కటే.

"చిరివేరుతో వెయ్యవే," అంది అత్త జానీబీ. "చిన్నప్పుడు ఓడరేవు ఇసకలో బుట్టలకి బుట్టలు తవ్వాం. ఎర్రరంగు దాన్నుంచే వచ్చేది."

నస్రత్ భర్త ఇలియాస్ ఫోనులో వెతికాడు. "ఇది కాఫీ మొక్కకి చుట్టమంట అమ్మా!"

"అప్పుడు మాకు కాఫీ ఎక్కడిదిరా? ఈ వేరే మాకు గంజి పోసింది."

మర్నాడు ముగ్గురూ ఆటోలో ఓడరేవు వెళ్ళారు. సరుగుడు తోట వెనక ఇసక దిబ్బల్ని రొయ్యల చెరువుల కోసం మిషనుతో చదును చేస్తున్నారు. ఒక్క దిబ్బే మిగిలింది. ఎనభై ఏళ్ళ జానీబీ మోకాళ్ళ మీద పాకి, గడ్డిలో కలిసిపోయిన సన్నాకుల మొక్కను తడిమి పట్టుకుంది. వేరును గీకితే గోరు పసుపురంగుకు తిరిగింది.

"రేపటికి ఈ దిబ్బా ఉండదు. కావల్సినంత తవ్వుకోండమ్మా," అన్నాడు మిషను నడిపే వీరబాబు.

నస్రత్ కనబడ్డదల్లా పెళ్ళగించింది. "లేతవేరు రంగివ్వదే, రెండేళ్ళది కావాలి," అని అత్త అనేసరికి లేతవన్నీ పక్కన పారేసింది. నాలుగడుగులు వేసి ఆగింది. వెనక్కొచ్చి వాటిని ఏరి, ఇసకతో సహా గోతంలో సర్దుకుంది.

ఇంటికొచ్చాక అడిగింది. "ఎట్టా కాచాలి అత్తా?"

"నాకేం తెలుసే? తవ్వడం వరకే మా వంతు. రంగు వేసేవాళ్ళ గుమ్మంలో బుట్ట దించి వచ్చేవాళ్ళం. లోపలికి ఎప్పుడూ పోలా."

నస్రత్ వేరును ఎండబెట్టి దంచింది. ప్యాకెట్ రంగుకు మల్లే వేరుపొడిని తెర్లించి చూసింది. గుడ్డ బురదరంగుకు తిరిగింది. సగం వేరు పోయింది. తర్వాత తనే ఆలోచించుకుంది, వేడి ఎక్కువై ఉంటుందని. రంగు పట్టేందుకు కరక్కాయ నీళ్ళలో, పటికలో నానబెట్టిన రుమాలును ఈసారి మిగిలిన వేరుపొడి కలిపిన వెచ్చటి నీళ్ళలో వేసి, మాటిమాటికీ చెయ్యి పెట్టి చూసుకుంటూ, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సన్నటి సెగ మీదే ఉంచింది. చెయ్యి మండలేదు.

రుమాలు పైకెత్తితే ఎరుపు. కల్లంలో వారం ఎండిన మిరపకాయ ఎరుపు.

జానీబీ దాన్ని రెండు చేతులా పట్టుకుని వెలుతురుకెత్తి చూసింది.

"ఇంత ఎర్రగానా!" అంది. "మేం మోసింది ఇదని తెలీదే తల్లీ."

నస్రత్ ఆమె పక్కనే కూర్చుంది.

తెచ్చి పెరట్లో నాటిన నలభై లేతమొక్కల్లో పదకొండు బతికాయి. అవి పనికిరావాలంటే రెండేళ్ళు ఆగాలి. అందాకా నస్రత్ గ్లౌజులు తొడుక్కుని ప్యాకెట్ రంగులకే వెళ్తోంది. మొక్కలకు నీళ్ళు జానీబీ పోస్తోంది.

"రెండేళ్ళు నువ్వుండాలిగా అమ్మా," అన్నాడు ఇలియాస్ నవ్వుతూ.

"ఉంటే తవ్వుతా. లేకపోతే నస్రత్ తవ్వుకుంటుంది. రంగు వెయ్యడం కూడా దానికి వచ్చుగా," అని చెంబు ముందుకు వంచింది జానీబీ.