నాన్న బిగించిన బోల్టు

యాక్సిలరేటర్ తొక్కితే చాలు, మా నాన్న కారు వెనక చక్రాలు గెంతుతాయి. రేసులో పచ్చదీపం వెలగగానే పక్కవాడు దూసుకుపోతాడు, మాది ఉన్నచోటే దడదడలాడుతుంది. అరవై తొమ్మిది నాటి కారు, నాకంటే పెద్దది. ఒహాయోలో మా చుట్టుపక్కల దాని గెంతులు చూసి నవ్వనివాడు లేడు.

మోకాళ్ళు అరిగి నడపడం మానేశాక నాన్న మాకో షరతు పెట్టాడు. రేసులో గెంతకుండా ఎవరు నడిపితే కారు వాళ్ళది. తమ్ముడు క్లింట్ వెడల్పు టైర్లు వేసి యాక్సిల్ విరగ్గొట్టుకున్నాడు. ఇక నా వంతు. ఈ శనివారం రేసులో కూడా గెంతితే అమ్మేస్తానన్నాడు.

"తప్పంతా నీ కాల్లో ఉందే, మార్లిస్," అన్నాడు షెడ్డు గుమ్మంలో కుర్చీ వేసుకుని. "మెల్లగా తొక్కు."

"నువ్వు తొక్కినప్పుడు గెంతలేదా ఏంటి?"

"నోరు మూసుకుని పని చూడు."

వెనక యాక్సిల్‌ని పట్టి ఉంచే కమాను పట్టీలు బాగానే ఉన్నాయి. షాక్ అబ్జార్బర్లు కొత్తవి. పట్టీ ముందు చివర బోల్టు చుట్టూ ఉండే రబ్బరు బుష్ బయటికి లాగితే ముక్కలుగా చీలి ఉంది. ఒళ్ళు మండింది. మొన్న వసంతంలోనే వేశాను దాన్ని!

"రబ్బరే చీలింది నాన్నా."

"ఆడలేక మద్దెల ఓడంటే ఇదే."

కానీ అంతకుముందు నాన్న వేసినవీ ఇలాగే చీలాయి. ఒకసారైతే సరుకు నాసిరకం అనుకోవచ్చు. ప్రతిసారీ చీలితే తప్పు చేతిదే.

"ఈ బోల్టు ఎప్పుడు బిగిస్తాం మనం?"

"ఎప్పుడేంటి? కారు స్టాండ్ల మీద ఉండగానే. మా నాన్న నాకలాగే నేర్పాడు, నేను మీకు నేర్పాను."

అప్పుడు చక్రాలు గాల్లో వేలాడుతుంటాయి. రబ్బరు ఆ స్థితిలోనే పట్టుబడిపోతుంది. కారు దించగానే బరువుకి పట్టీ కదిలి రబ్బరు మెలితిరుగుతుంది. అలా మెలితిరిగి చీలితే ఇక యాక్సిల్‌ని గట్టిగా పట్టుకునేదేముంది?

కొత్త బుష్‌లు వేసి, బోల్టులు వదులుగా ఉంచి, బరువంతా చక్రాల మీదే ఉండేలా కారుని ర్యాంపుల మీద నిలిపి కిందికి దూరాను.

"బరువు మీద బిగిస్తావేమే పిచ్చిదానా? మనింట్లో ఎవరూ అలా చెయ్యలేదు!"

"అందుకే గెంతుతోంది."

నాన్న లోపలికి వెళ్ళిపోయాడు. అన్నందుకు బాధేసింది, కానీ పానా వదల్లేదు.

శనివారం పచ్చదీపం పడగానే యాక్సిలరేటర్ అడుగంటా తొక్కాను. వీపు సీటుకి అతుక్కుపోయింది. దడదడ లేదు. కారు గీత గీసినట్టు పోయింది. పక్కవాడు ఎక్కడున్నాడో చూడనేలేదు.

తిరిగొచ్చేసరికి నాన్న కర్ర పట్టుకుని కంచె దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఇక నాదేగా?" అన్నాను.

"నీదే." తలుపు మీద చెయ్యి వేశాడు. "ఒక్కసారి నాకిస్తావా?"

"మరి నీ మోకాళ్ళు?"

"ఇన్నాళ్ళూ నా కాలిదే తప్పనుకున్నానే. కాదని చూసుకోవాలి."

నేను దిగి తలుపు పట్టుకున్నాను.