తోస్తేనే కలిసొచ్చే కారు

యూసుఫ్‌గూడ జంగయ్యకు తన పాత ఫియట్ కారంటే ప్రాణం. దాన్ని సినిమా షూటింగులకు కిరాయికి తిప్పుతాడు.

పోయినేడు ఫిల్మ్ నగర్ గుడి ముందు ముహూర్తం షాట్‌కి హీరో వెనక సీట్లో కూర్చోగానే కారు మొరాయించింది. బంకుల్లో ఇప్పుడు పోసే ఇథనాల్ కలిపిన పెట్రోలుకు దాని ముసలి రబ్బరు పైపులు మెత్తబడి చీలిపోయాయి. మంచి ఘడియ దాటిపోతోందని నిర్మాత వెంకటేశ్వరరావు పంచె ఎగ్గట్టి మరీ తోశాడు. ఆయన వెనక యూనిట్టంతా తోసింది. షాట్ ఓకే అయింది, సినిమా ఆడింది.

జంగయ్య ఆ పెట్రోలును తిట్టుకుంటూనే, దానికి తట్టుకునే కొత్త పైపులు వేయించాడు. ఇవాళ అదే నిర్మాత కొత్త సినిమాకు ముహూర్తం. తాళం తిప్పగానే ఇంజను హాయిగా అందుకుంది. వెంకటేశ్వరరావు మొహం మాడిపోయింది.

"ఆపవయ్యా జంగయ్యా. పోయినసారి తోస్తేనే కదా మనకు కలిసొచ్చింది."

"మంచిగున్న బండిని తోసుడేంది సార్" అని గొణిగి జంగయ్య ఇంజను ఆపేశాడు. యూనిట్టంతా వెనక చేరి చేతులు వేసింది. అతను మెల్లగా స్టీరింగు నిమిరాడు.

"నీకేం రోగం లేదు బిడ్డా. ఉన్నదంత గీళ్లకే. జర ఓపిక పట్టు."