ఇరవయ్యారో సెకను

"బొమ్మలు ఎవరైనా గీస్తారమ్మా, ఆలోచన కదా ముఖ్యం," అని అత్తగారు అన్నప్పుడు ఆమె స్కానర్ అద్దాన్ని పాత బనీను గుడ్డతో తుడుస్తోంది. ఆ మాట ఆవిడ సొంతం కాదు. పొద్దున కొడుకు ఫోన్లో ఎవరితోనో అంటుంటే విని, మధ్యాహ్నానికల్లా తన మాటగా కోడలికి వడ్డించింది. అద్దం మీద మరక ఉంటే బొమ్మ మీదా మరక పడుతుంది. అప్పుడు ఈ బొమ్మల పుస్తకానికి ముందుమాట రాసిన పెద్దమనిషి వచ్చి "కాస్త చూసుకోవద్దూ" అంటాడు. ఆ పెద్దమనిషి ఆమె మొగుడే. "ఈ ఇల్లు నా ఊహలో పుట్టింది" అని మొదలుపెట్టి మూడు పేజీలు రాశాడు. ఆఖర్న, ఓపిగ్గా టీలు అందించిన భార్యకు కృతజ్ఞతలట. చదివి నవ్వాలో ఏడవాలో తెలియక అచ్చుతప్పులు దిద్ది ఇచ్చింది.

ఆ ఇల్లు నిజం ఇల్లు కాదు, వీడియోగేమ్‌లోది. ముందుగదిలో పెద్ద బల్ల వేసుకుని, స్నేహితుణ్ణి ఒకణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని మూడేళ్ళు కష్టపడి ఆయన ఆ ఆట తయారుచేశాడు. కష్టపడలేదని ఆమె ఎప్పుడూ అనదు. ఆ ఆటలో తుపాకులూ పరుగులూ ఏమీ లేవు. ఖాళీ ఇంట్లో ఒక్కో తలుపూ తీసుకుంటూ ఏడు గదులు దాటాలి. ఏడో గదిలో ఎవరో కూనిరాగం తీస్తుంటారు. మనిషి కనపడదు. అంతే. ఆ ఏడు గదులూ గీసింది ఆమె. పెచ్చులూడిన గోడా, ఒక కాలు పొట్టిదైన మంచం కింద మడిచిపెట్టిన కాగితం ముక్కా, కిటికీ చువ్వకి కట్టి మరిచిపోయిన రిబ్బనూ, ఒక్కొక్కటీ ఆమె కళ్ళతో చూసి చేత్తో దించినవే. అంతకుముందు ఆమెకి బడిలో డ్రాయింగ్ టీచరు ఉద్యోగం ఉండేది. "బయటివాళ్ళకి చేసే బదులు మనింటి పని చేసుకోవచ్చుగా" అన్నాడాయన. మానేసింది. ఇంటి పని అన్న మాటకున్న మహత్తు ఆ తరవాతే తెలిసొచ్చింది. ఎంత పెద్ద పనైనా దానికి ముందు ‘ఇంటి’ అన్న ఆ రెండక్షరాలూ తగిలిస్తే చాలు, చేసిన మనిషి చేసినట్టే కాదు. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదంటారు. పనికొచ్చినా ఆ మాట ఎవరూ బయటికి అనరు కాబోలు.

ఆట జనానికి నచ్చింది. ఆ రాగం విడిగా వినాలనుంది అని కొందరు, ఆ గదుల బొమ్మలు పుస్తకంగా కావాలని కొందరు మెయిల్లో ఉత్తరాలు రాశారు. వాటికి జవాబులు రాసేదీ ఆమే, ఇంట్లో ఖాళీగా ఉండేది ఆమె ఒక్కతే కదా మరి! ఆట కొన్నవాళ్ళకి ఇవి ఊరికే ఇచ్చేద్దామంది. "పిచ్చిమొహమా, ఇష్టమున్నచోటే కదా మనిషి డబ్బు తీసేది" అని మొగుడు నవ్వాడు. పాటలు ఒక ప్యాకెట్టుగా, బొమ్మల పుస్తకం ఇంకో ప్యాకెట్టుగా, ఆటకి అదనంగా అమ్మాలని తేల్చారు. పాటలు ముందు, పుస్తకం ఆ పై శుక్రవారం.

ఆ కూనిరాగం మాత్రం అమ్మకానికి పెడతారని ఆమె అనుకోలేదు.

అది ఆమె గొంతు. నాలుగేళ్ళ కిందట ముందుగదిలో ఇటునుంచి అటు, అటునుంచి ఇటు పాపని భుజాన వేసుకుని తిరుగుతున్నప్పుడు తీసిన రాగం. పాప గుండెలో పుట్టుకతోనే చిల్లు. ఏడ్చే ఓపిక కూడా లేని పిల్ల. నలభై ఒక్క రోజులు ఉంది. ఫోటోలు పదకొండున్నాయి, వీడియో ఒక్కటీ లేదు. ఆ ముక్కు గొట్టాలు తీసేశాక తీద్దాంలే, కాస్త కోలుకోనీ, అన్నారు అందరూ. ఆమె కూడా అంది. ఆ రోజు మాత్రం ఆయన కొత్తగా కొన్న మైకు పనిచేస్తోందో లేదో చూసుకుంటున్నాడు. "ఆపకు, పాడు, పాడు" అన్నాడు. నలభై సెకన్లు రికార్డయింది. అందులో సరిగ్గా ఇరవయ్యారో సెకను దగ్గర ఆమె ఊపిరి పీల్చుకోవడానికి ఆగితే, పాప "ఊఁ" అంది. రాగం ఎందుకాపావమ్మా అని అడిగినట్టు. ఈ లోకంలో ఆ పిల్ల గొంతు మిగిలింది అక్కడొక్కచోటే.

దాన్ని ఆయన తనని అడక్కుండా ఆటలో పెట్టేసినప్పుడు ఆమెకి ఒళ్ళు మండింది. రెండురోజులు మాట్లాడలేదు. మూడోరోజు మధ్యాహ్నం, అత్తగారు నడుం వాల్చాక, ఆట తెరిచి ఆరు తలుపులూ తీసుకుంటూ ఏడో గదికి వెళ్ళి నిలబడింది. పాప "ఊఁ" అంది. రాగం మళ్ళీ మొదలైంది, మళ్ళీ అంది. ఆనాటినుంచి అంట్లు తోముకున్నాక ఆమె రోజూ వెళ్ళేది. ఒక్కోసారి పది నిమిషాలు, ఒక్కోసారి గంట. ఏం చేస్తున్నావని ఎవరైనా అడిగితే తప్పులు చూస్తున్నానని చెప్పేది. "మా ఆవిడకి ఆటల పిచ్చి పట్టింది" అని మొగుడు అందరికీ మురిపెంగా చెప్పుకున్నాడు.

పాటల ప్యాకెట్టు అమ్మకానికి వెళ్ళిన మర్నాడు పాటలాయన వచ్చాడు. ఆటకి సంగీతం కట్టిన ఆ స్నేహితుణ్ణి ఆమె మనసులో అలాగే పిలుస్తుంది. అతను వదినా అన్నాడంటే టీ కావాలని అర్థం, వదినగారూ అన్నాడంటే టీతోపాటు ఏదన్నా తినడానికీ కావాలని. ఆ రోజు వదినగారూ అనే వచ్చాడు. "మీ రాగం వినండి, ఎలా మెరుగుపెట్టానో! అద్దంలా ఉంటుంది," అని స్పీకర్లు పెట్టాడు. ఆమె ట్రే చేత్తో పట్టుకునే నిలబడి వింది. ఇరవై నాలుగు. ఇరవై అయిదు. ఇరవయ్యారు, అక్కడ ఏమీ లేదు. నున్నగా, దులిపిన దుప్పటిలా ఉంది.

"మళ్ళీ పెట్టు."

"చూశావా, వదినకి నచ్చేసింది," అన్నాడు మొగుడితో.

రెండోసారీ లేదు. "ఇరవయ్యారో సెకను దగ్గర చిన్న చప్పుడుండాలి," అంది ఆమె.

"అదా! తీసేశానుగా. ఫ్యాను మోత, మీరు ఊపిరి ఎగపీల్చడం, ఆ కిర్రుమన్నదీ, మొత్తం ఏరేశాను. డబ్బు పెట్టి కొనేవాడికి చెత్తతో సహా ఇస్తామా వదినా?"

"ఆటలో పాతదే ఉందిగా?"

"లేదు, రెండూ ఒకేలా ఉండాలని నిన్ననే ఆటలోనూ మార్చేశాం. ఇప్పుడు ఎవరు ఆట తెరిచినా కొత్తదే వస్తుంది," అన్నాడు మొగుడు, స్క్రీను మీంచి కళ్ళు తిప్పకుండా.

"మరి మొదట రికార్డు చేసింది?"

"పాతవి అన్న ఫోల్డర్లో ఉండాలి." వెతికాడు. ఆ ఫోల్డరే లేదు. అప్పుడు తలెత్తి ఆమెవైపు చూశాడు. "సోమవారం నువ్వే తుడిచావుగా?"

అవును, తనే. ఆ ఇంట్లో అదొక పద్ధతి. ఏదైనా అమ్మకానికి వెళ్ళేముందు కంప్యూటర్లో చెత్త తీసి చోటు చెయ్యాలి, అదీ ఇల్లు ఊడవడం లాంటిదే కాబట్టి ఆమె పనే. "పాతవి తీసి పారెయ్, డిస్కు నిండిపోయింది" అని ఆయన వంటింటి గుమ్మంలోకి కేకేస్తే, తడిచేతులు చీరకి తుడుచుకుని వచ్చి తీసి పారేసింది. అందులో ఏముందో తెరిచి చూడలేదు. పొయ్యిమీద కూర మాడిపోతుందని తొందర. కూర మాడలేదు. అందరూ తిన్నారు, బాగుందని కూడా అన్నారు.

"ఇంతకీ ఏం చప్పుడే అది?" అన్నాడు మొగుడు.

"మీ కూతురు."

పాటలాయన టీ కప్పు కింద పెట్టేశాడు. మొగుడు మెల్లిగా, "నేను కుర్చీ కిర్రుమందనుకున్నానే," అన్నాడు.

ఆమెకి ఏడుపు రాలేదు, వస్తే బాగుండేది. ఇన్నాళ్ళూ ఆయన ఒప్పుకోకపోయినా ఆ రాగాన్ని ఏడో గదిలో పెట్టింది పాప కోసమేననీ, మగవాడు కదా, పైకి చెప్పుకోలేక అలా దాచుకున్నాడనీ ఆమె తనకి తాను ఒక కథ చెప్పుకుంది. ఆ కథ కోసమే ముందుమాటని సహించింది, టీలని సహించింది, అత్తగారి మాటలని ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసింది. ఆయనకి కావలసింది ఖాళీ ఇంట్లో వినబడే ఒక ఆడగొంతు, అంతే. ఇంట్లో ఉచితంగా దొరికింది, వాడుకున్నాడు. వాకిట్లో కుర్చీలో కూర్చున్న అత్తగారు అంతా వింది. లోపలికొచ్చి, ఎవరూ అడక్కుండానే ఖాళీ కప్పులు తీసుకెళ్ళి కడిగింది. ఆ ఇంట్లో కోడలు అడుగుపెట్టాక ఆవిడ కప్పులు కడగడం అదే మొదలు.

ఆ వారం ఆమె వెతకని చోటు లేదు. పాత ఫోన్లు, విరిగిన డిస్కులు, మైకు డబ్బా అడుగున పడున్న చిన్న కార్డులు, అన్నీ చూసింది. "చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం, పుస్తకం సంగతి చూడు, శుక్రవారం దగ్గరకొచ్చేసింది," అన్నాడు మొగుడు. కసిరి కూడా అనలేదు, మంచిగానే అన్నాడు. ఆమె పగలు బొమ్మలు స్కాన్ చేసి తన ల్యాప్‌టాప్‌లో పేజీలు పేర్చింది. కళ్ళు మూసుకుని ఆ "ఊఁ"ని గుర్తుచేసుకోవాలని చూసేది. మొదటి రెండు రోజులు బాగానే వినబడింది. మూడోరోజుకి అది పాప గొంతో తను ఊహించుకున్న గొంతో తేల్చుకోలేకపోయింది. అప్పుడొచ్చింది ఏడుపు. నోట్లో పమిట కుక్కుకుని స్నానాలగదిలో కుళ్ళికుళ్ళి ఏడ్చింది.

బుధవారం నాడు కొన్నవాళ్ళ ఉత్తరాల్లో ఒకటి ఇలా ఉంది.

"అయ్యా, అమ్మా, నేను టైలర్ పని చేసుకునే ఆడమనిషిని. మీ ఆట మా చెల్లెలు నా కంప్యూటర్లో వేసిచ్చింది. నాకు ఆడటం పెద్దగా రాదు. ఏడో గదిదాకా వెళ్ళి అక్కడే వదిలేసి, ఆ రాగం వింటూ గుండీలు కుట్టుకుంటాను. పాటలు విడిగా ఇస్తున్నారని తెలిసి ఫోన్లో కొన్నాను. కానీ ఇందులో పాప పలకడం లేదు. మధ్యలో తల్లి ఆగినప్పుడు పాప పలకాలి కదా. నా ఫోన్లోనే ఏదన్నా లోపమా? మా ఇంట్లో నెట్ సరిగ్గా రాదు, అందుకని కంప్యూటర్లో మీ పాత ఆటే ఉండిపోయింది, అందులో బాగానే పలుకుతోంది. ఫోను దాని దగ్గర పెట్టి రికార్డు చేసి పంపుతున్నాను, మీరే చూడండి."

ముక్కూ మొహం తెలియని మనిషి! కన్నతండ్రి కుర్చీ అనుకున్నదాన్ని గుండీలు కుట్టుకుంటూ పాప అని పట్టేసింది. ఆమె ఆ రికార్డింగు నొక్కింది. ఎవరిదో గది, ఎవరిదో ఫ్యాను, ఎక్కడో ఒక హారన్ మోత, వాటి అడుగున తన గొంతు, అది ఆగగానే పాప. "ఊఁ." ఆమె స్క్రీనుకి నుదురానించి, "వచ్చావా తల్లీ," అంది పైకే.

ఎప్పుడొచ్చాడో మొగుడు వెనకే నిలబడి ఉన్నాడు. "మళ్ళీ పెట్టు," అన్నాడు. పెట్టింది. ఆయన కళ్ళు చెమర్చాయి. అది నటన కాదు, ఆమెకి తెలుసు. ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. నాలుగేళ్ళకి ఇద్దరూ కలిసి ఒకే దుఃఖంలో నిలబడ్డామని ఆమెకి అనిపించింది, ఆ చేతి మీద తన చెయ్యి వెయ్యబోయింది కూడా.

"ఫ్యాను మోత తీయించేస్తే చాలు," అన్నాడాయన ముక్కు ఎగబీలుస్తూ. "దీన్ని ఆఖరి పాటగా విడిగా పెడదాం. వెనక కథ నాలుగు ముక్కలు రాస్తే ఏడవని వాడుండడు. పుస్తకంతోపాటు శుక్రవారమే వదలొచ్చు." వంగి కీబోర్డు తనవైపు లాక్కున్నాడు. "పేరేం పెడదాం దీనికి?"

ఆ పిల్లకి పేరు పెట్టలేదు. కోలుకున్నాక తీరిగ్గా పెట్టుకుందామన్నారు. ఆసుపత్రి చీటీల మీద ఆయన పేరు రాసి, పక్కన ఆడశిశువు అని ఉండేది, ఆఖరి చీటీ మీద కూడా అంతే. ఆమె మాత్రం కడుపుతో ఉండగా ఏడో నెలలోనే ఒక పేరు అనుకుంది. అనుకుని ఊరుకుంది, ఎవరన్నా అడుగుతారేమోనని ఎదురుచూస్తూ. పాప ఉండగా అడగలేదు, పోయాక అడగలేదు. ఇప్పుడు అడిగాడు, పాటకి.

"పేరుంది," అంది ఆమె.

"చెప్పు, టైపు చేస్తా."

"మీకు చెప్పను."

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. ఆమె లేచి స్కానర్లోంచి బొమ్మ తీసి, మిగతావాటితో కలిపి పెద్ద అట్టల మధ్య పెట్టి తాడు బిగించింది. "ఇది అమ్మడానికి కాదు. బొమ్మలు కూడా ఇవ్వడం లేదు. మీ ఊహలో పుట్టిన ఇల్లు మీ ఊహలోంచే తీసి అచ్చేసుకోండి," అంది. ఆమె గొంతు లేవలేదు. ఆయన ఏదో అంటున్నాడు, శుక్రవారం అంటున్నాడు, అందరికీ చెప్పేశాం అంటున్నాడు. అత్తగారు వంటింటి గుమ్మంలోంచి, "ఊరుకోరా," అంది.

ఆమె ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని లోపలిగదిలోకి వెళ్ళి తలుపు గడియ వేసుకుంది. మంచం మీద కూర్చుని ఆ టైలరుకి జవాబు రాసింది. మీ ఫోన్లో ఏ లోపమూ లేదండీ, ఆ పలికింది మా అమ్మాయి, అని రాసింది. మీ ఇంటికి ఒకసారి వచ్చి అక్కడ కూర్చుని విననిస్తారా, అని రాసింది. ఆ కింద పాప పేరు రాసి, చాలాసేపు దానికేసి చూసి, ఇంకొక్క వాక్యం కలిపింది: "ఈ పేరు నేను ఇంకొకరికి చెప్పడం ఇదే మొదటిసారి."