ధూళి యంత్రానికి కొబ్బరికాయ

2024 ఫిబ్రవరి 13, మంగళవారం ఉదయం 9.40కి, కట్టంగూర్ అవతలి బైపాస్ పని దగ్గర, గాలిలో ధూళి కొలిచే యంత్రానికి కొబ్బరికాయ కొట్టారు. కొట్టినవాడు సైటు సూపర్‌వైజర్ హనుమంతు.

యంత్రం అంగన్‌వాడీ గోడ పక్కన మూడు కాళ్ల మీద నిలబడి ఉంది. పైన గాలి పీల్చే చిన్న మూతి. టీచరు గ్రేస్ గడపలో నిలబడి చూసింది. దాన్ని అక్కడికి తెప్పించింది ఆమే. నాలుగు నెలలుగా రెండు ప్రొక్లెయిన్లు, నాలుగు టిప్పర్లు, ఒక డీజిల్ జనరేటరు పిల్లల గది కిటికీకి ముప్ఫై మీటర్లలో నడుస్తున్నాయి. పిల్లల అన్నం మీద మసి పడుతోంది. ముగ్గురిని తల్లులు నకిరేకల్ దవాఖానకు తీసుకుపోయి ఆవిరి మందు పట్టించి తెచ్చారు. గ్రేస్ కలెక్టరు ఆఫీసు ప్రజావాణిలో మూడుసార్లు ఫిర్యాదు కాగితం ఇచ్చింది. మూడోసారికి ఉత్తర్వు వచ్చింది. పని నడిచే రోజున ఎనిమిది గంటలు కొలవాలి. ఘనపు మీటరుకు వంద మైక్రోగ్రాములు దాటితే బండ్లన్నీ ఐదు వందల మీటర్ల అవతలికి పోవాలి. దాటకపోతే ఫిర్యాదు మూసేస్తారు.

హనుమంతు తెలివైనవాడని కంపెనీలో పేరు. ఆ పేరు నిలబెట్టుకోవడానికి పొద్దున్నే బండ్లన్నీ ఆపించాడు. ట్యాంకరుతో రోడ్డు రెండుసార్లు తడిపించాడు. లాగ్‌బుక్కులో మాత్రం ఆరు బండ్లూ జనరేటరూ ఎనిమిది గంటలు నడిచినట్టు ముందే రాసి, సంతకం పెట్టి, నల్లగొండ నుంచి వచ్చిన టెక్నీషియన్ నవీన్‌కుమార్ చేతికిచ్చాడు. ఇక మిగిలింది దేవుడి సాయం. ఆ సైటులో కొత్త బండి ఏది దిగినా పూజ లేనిదే తాళం తిప్పరు. ఈ యంత్రమూ కొత్తదే. పసుపు, కుంకుమ, కర్పూరం, సరిగ్గా మూతి కింద రెండు కట్టల అగరబత్తులు.

"సాయంత్రం దాక ఆరొద్దు," అని వాచ్‌మన్‌కు చెప్పాడు. గ్రేస్ వైపు తిరిగి, "టీచరమ్మా, మీరు గూడ ఒక దండం పెట్టుకోన్రి. మీ దేవుడేం అనుకోడు తియ్," అన్నాడు.

పొగ నేరుగా మూతిలోకి పోవడం గ్రేస్ చూసింది. నవీన్‌కుమార్ కూడా చూశాడు. తియ్యమని ఒక్కసారి చెప్పాడు. పూజకు అడ్డం రావొద్దని హనుమంతు కసిరాడు. నవీన్‌కుమార్ పోయి జీపులో కూచుని ఫోన్ చూసుకున్నాడు. తన డ్యూటీ అంతవరకే అనుకున్నాడు.

సాయంత్రం లెక్క తేలింది: 412.

గ్రేస్ నోరు మూసుకుంటే బండ్లు పోతాయి. పన్నెండు రోజులు మూసుకుంది.

ఫిబ్రవరి 26, సోమవారం విచారణ జరిగింది. కాలుష్య నియంత్రణ మండలి అధికారి నిర్మలమ్మ ముందు నిలబడి, అది అగరబత్తుల పొగేనని, బండ్లది కాదని హనుమంతు వాదించాడు. ఆమె లాగ్‌బుక్కు తెరిచింది. ఆరు బండ్లు ఎనిమిది గంటలు నడిస్తే వాటి పొగ ఎటు పోయిందని అడిగింది. అవి నడవలేదని హనుమంతు నోరు జారాడు. మరి ఈ సంతకం ఎవరిదని అడిగింది. హనుమంతు ఆ సంతకాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

నిర్మలమ్మ గ్రేస్‌ను పిలిచింది. "అమ్మా, మీరు ఆడనే ఉన్నరు గద. అగరబత్తులు ముట్టిచ్చిన్రా?"

లేదంటే 412 నిలుస్తుంది, బండ్లు ఆ వారమే పోతాయి. అవునంటే ఆ అంకె చెత్తబుట్టలోకి. నాలుగు నెలలుగా ఆమె మాట లెక్కచేయని హనుమంతు ఇప్పుడు బతిమాలినట్టు చూస్తున్నాడు.

"ముట్టిచ్చిన్రు మేడం," అంది గ్రేస్. "బండ్లు గూడ బందువెట్టిన్రు. రోడ్డు తడిపిన్రు. నాకు గా అంకె వద్దు. మామూలు దినం గొలువున్రి. పిల్లలు పీల్చేది గా గాలే."

రెండో కొలత తేదీ ఎవరికీ చెప్పలేదు. మార్చి 5 పొద్దున తొమ్మిదికి యంత్రం దిగింది. నకిరేకల్ పోయిన హనుమంతు వచ్చేసరికి పదకొండయింది. బండ్లు ఆపితే ఆపిన టైము రాసి సంతకం పెట్టాలని నవీన్‌కుమార్ చెప్పాడు. హనుమంతు ఆపలేదు. అగరబత్తులూ ముట్టించలేదు.

సాయంత్రం లెక్క: 263.

మార్చి 11, సోమవారం మధ్యాహ్నానికి ఆరు బండ్లూ జనరేటరూ అక్కడినుంచి కదిలాయి. అంగన్‌వాడీ తలుపు నుంచి జనరేటరు కొత్త జాగా దాకా నవీన్‌కుమార్ టేపు పట్టాడు. 503 మీటర్లు వచ్చింది.