చేమకాడల తాడు

సైన్యంలో కత్తి పట్టినవాడికి పేరుంటుంది. వాడి వెనక బియ్యం మూటల గుర్రాన్ని తోలేవాడికి గుర్రం పేరే పేరు. మా అన్న సన్‌పేని అందరూ ‘ఎర్రగుర్రంవాడు’ అనేవాళ్ళు.

పోయిన ఏడాది యుద్ధానికి వెళ్ళే దారిలో ఏరు దాటుతుంటే అన్నకి కాలు జారింది. నడుముకున్న తాడు కొస వెనక గుర్రానికి కట్టి ఉంది. ఆ గుర్రం మీద ప్రభువుగారి పట్టుబట్టల పెట్టె ఉంది. పెట్టె ఎక్కడ తడుస్తుందోనని మూటల అధికారి జెంబెయ్ కత్తి దూసి తాడు కోసేశాడు. అన్న శవం కూడా దొరకలేదు. ఆ రోజు నుంచి నాకు ఒకటే పని. జెంబెయ్‌ని ఆ ఏటికే అప్పజెప్పాలి.

మా షినానో కొండల్లో దండు కదులుతోందంటే ఆడవాళ్ళు చేమకాడల్ని మిసో అనే ఉప్పటి సోయా ముద్దలో ఉడికించి, ఎండబెట్టి, తాళ్ళు పేనుతారు. వెళ్ళేటప్పుడు వాటితో మూటలు కట్టుకుంటాం, తిండి అయిపోతే ముక్కలు కోసి పులుసు కాచుకుంటాం. తడవనంతవరకూ అవి గట్టిగానే ఉంటాయి. ఈసారి వదిన నాకొక చేమతాడు పేని, పైన వరిగడ్డి చుట్టింది. చూసినవాళ్ళకి అది మామూలు గడ్డితాడే.

“ఇది తినడానికి కాదబ్బాయ్,” అంది. మరి దేనికని నేను అడగలేదు.

యుద్ధంలో ఓడిపోయాం. తిరుగుదారంతా వాన, ఆకలి. జెంబెయ్ మా దగ్గరున్న చేమతాళ్ళన్నీ లాక్కుని తన గుడారంలో పులుసు కాచుకు తాగాడు. మాకు వాసన మిగిలింది. నా తాడునీ తడిమి చూసి, గడ్డేనని వదిలేశాడు. దాన్ని కడుపుకి చుట్టుకుని, తడవకుండా పైన వానకప్పు వేసుకుని నడిచాను.

అన్న పోయిన ఏటి దగ్గరికి వచ్చేసరికి ప్రభువూ సైనికులూ దాటేశారు. గుర్రాలూ, వాటిని తోలే మేమూ మిగిలాం. ఏరు పొంగి ఉంది. ఆకలికి తాళలేని జెంబెయ్, అవతల తిండి దొరుకుతుందని మాకంటే ముందు తనే దాటుతానన్నాడు.

“ఒరేయ్, గట్టి తాడు ఎవడి దగ్గరుంది?”

“నా దగ్గరుందయ్యా,” అన్నాను.

అతని నడుముకి కడుతూ, “పోయినేడు ఇక్కడే మా అన్న పోయాడయ్యా. సన్‌పే అని,” అన్నాను.

“ఏటికో పదిమంది పోతుంటారు, ఎవణ్ణని గుర్తుపెట్టుకోను? ముడి బిగించు!”

బిగించి, రెండో కొస నేను పట్టుకున్నాను. ఒక్కసారి “అయ్యో” అని ఉంటే విప్పేవాణ్ణేమో. ఏమో, విప్పేవాణ్ణి కాదులెండి.

నడి ఏట్లో తాడు నాని పుటుక్కున తెగింది. జెంబెయ్ ఒక బండని కరుచుకున్నాడు.

“తాడెయ్యండ్రా! ఇంకో తాడెయ్యండి!”

ముసలి మోహెయ్ తాత భుజాన అసలైన గడ్డితాడు ఉంది. అది నేను తీసుకున్నాను.

“మా అన్న పేరు చెప్పయ్యా, విసురుతా!”

“ఏంటీ?”

“ఇందాకే చెప్పానుగా! పేరు చెప్పు!”

“జిరో! కాదు, గొన్‌జో! ఒరే బాబూ, నీకు దణ్ణం పెడతా... యసుకే! యసుకే కదూ?”

నోట్లోకి నీళ్ళు పోతున్నా పేర్లు ఏకరువు పెడుతూనే ఉన్నాడు. ఊళ్ళో ఉన్న పేర్లన్నీ వచ్చాయి గానీ మా అన్న పేరు రాలేదు. చేతులు జారి, ఏట్లో కొట్టుకుపోయాడు.

నాకు జాలి వెయ్యలేదు. వేసిందంటే అబద్ధం. గుండె మీది బరువు దిగి ఒళ్ళంతా తేలికైంది.

“అయ్యో, దూకి చూద్దామా?” అన్నాడు గుర్రాలవాళ్ళలో ఒకడు.

“కందకు లేని దురద కత్తిపీటకెందుకురా? అవతలి గట్టున ఆయన ప్రభువే వెనక్కి తిరిగి చూడలేదు. కూర్చో!” అన్నాడు మోహెయ్ తాత.

నా చేతిలో మిగిలిన సగం తాడుని తాత తీసుకుని వాసన చూశాడు. తర్వాత నా మొహం చూశాడు. గడ్డి ఒలిచి, చేమకాడలు ముక్కలు కోసి, కుండ పొయ్యి మీద పెట్టాడు. అందరూ గిన్నెలు పట్టుకుని చుట్టూ చేరారు.

నేను రెండు గిన్నెలు తాగాను. ఉప్పు కాస్త ఎక్కువైంది. ఇంటికెళ్ళాక వదినకి చెప్పాలి.